ఏం కాదులే... అనబడే మన జాతీయ నినాదం

ముందే చెప్పేస్తున్నా, ఇది గండికోట యాత్రా విశేషాల టపా కాదు. పెన్నా లోయ ఫోటోలు, మాధవరాయ స్వామి గుడి గోపురం, జామా మసీదు, ధాన్యాగారం... ఇవన్నీ కావాలంటే నెట్లో బోలెడున్నాయి. నేను చెప్పబోయేది అరచేతిలో పట్టే ఒక నల్ల డబ్బా గురించి, దాని కోసం అర్ధరాత్రి మేం వేసుకున్న గొడవ గురించి. చదివాక "వీడికి చాదస్తం ముదిరింది" అనుకుంటే అనుకోండి, నాకు అలవాటే :)

మాది ప్రొద్దుటూరు. ఉద్యోగం బెంగుళూరులో. ఊరు గండికోట పక్కనే కాబట్టి టీంలో ఎవడికి బుద్ధి పుట్టినా "నువ్వు తీసుకుపోవాల్సిందే" అని నా మీద పడతారు. మొన్న ఏప్రిల్లో అట్లాగే తొమ్మిది మందిమి రెండు కార్లలో బయల్దేరాం. కదిరి, పులివెందుల, ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు, అక్కడ్నించి పదిహేను కిలోమీటర్లు కోట. ఏప్రిల్ అంటే మా కడప జిల్లా ఎండల సంగతి తెలిసిందే కదా. కార్లు ఎండలో పెట్టి, అద్దాలు బిగించి, కోటంతా తిరిగి సాయంత్రానికి వచ్చాం. బయట 40 డిగ్రీలుంటే అట్లా బిగించిన కారు లోపల 60 దాటడం వింతేం కాదు.

రాత్రి లోయ అంచు దగ్గర గుడారాలు. ఒక్కో దాంట్లో ముగ్గురం. ఫోన్లన్నీ ఫోటోలు తీసీ తీసీ చచ్చిపోయాయి. మా గుడారంలో ఒకాయన (మంచివాడే, టీంలో నాకంటే సీనియర్, పేరెందుకులే) బ్యాగులోంచి పవర్ బ్యాంకు తీశాడు. పగలంతా కారు డ్యాష్‌బోర్డు మీద ఎండలో వేగింది అదే. టార్చి వెలుతుర్లో చూస్తే దాని నడుం పైకి లేచి ఉంది. పూరీ పొంగినట్టు. రెండు మూతలు కలిసే చోట సందు విడిపోయి లోపలి పొర కనిపిస్తోంది.

"అన్నా, అది ఉబ్బింది. వాడొద్దు" అన్నా.

"మూడు నెలల్నించీ అట్లానే ఉంది మామా. ఇంకా ఛార్జింగ్ ఎక్కుతోంది కదా. ఏం కాదులే" అన్నాడు. అని, ఫోను తగిలించి, రెండిటినీ దిండు కింద పెట్టుకున్నాడు!

అక్కడ మొదలైంది గొడవ. నేను తీసేయమన్నా, ఆయన తీయనన్నాడు, మూడోవాడు "పడుకోండ్రా బాబూ" అన్నాడు. చివరికి నేనే లాక్కుని బయటికి పోయి, గుడారాలకి దూరంగా ఒక బండ మీద పెట్టి వచ్చా. రాత్రంతా ఏమీ కాలేదు. పొద్దున ఆయన దాన్ని చూపించి అందరి ముందూ "చూసినావా, పేలిందా? అనవసరంగా ఫోను ఛార్జింగ్ లేకుండా చేసినావు" అన్నాడు. అందరూ నవ్వారు. ఈ టపా ఆ నవ్వుకి జవాబు. (అప్పుడు నోట మాట రాలేదు. నాకెప్పుడూ జవాబులు రెండు రోజుల తర్వాతే తడతాయి, ఏం చేస్తాం.)

అసలు ఆ ఉబ్బు ఏంటో చూద్దాం. లిథియం అయాన్ బ్యాటరీలో రెండు ఎలక్ట్రోడ్ల మధ్య ఒక పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. దాని మందం మన వెంట్రుకంత కూడా ఉండదు. చుట్టూ ఉండే ద్రవం అంటుకునే రకం. ఎండ వల్లనో, ఎక్కువ ఛార్జింగ్ వల్లనో, వయసు మీద పడో, తయారీ లోపం వల్లనో ఆ ద్రవం విచ్ఛిన్నమయ్యి గ్యాసు తయారవుతుంది. అదే ఉబ్బు. ఆ లోపలి పొర ఎక్కడన్నా చిరిగితే రెండు వైపులూ కలిసిపోయి షార్ట్ అవుతుంది. షార్ట్ వల్ల వేడి, వేడి వల్ల రసాయన చర్య, ఆ చర్య వల్ల ఇంకా వేడి... మన భాషలో చెప్పాలంటే ఆగే షరతు లేని రికర్షన్. ఒక సెల్లు అంటుకుంటే పక్క సెల్లునీ అంటిస్తుంది. ఎంత శక్తి ఉంటుందీ అంటే, 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకుని 3.7 వోల్టులతో హెచ్చించండి, 74 వాట్ అవర్లు. 9 వాట్ల ఎల్ఈడీ బల్బు ఎనిమిది గంటలు వెలిగేంత. అదంతా కొన్ని క్షణాల్లో దిండు కింద బయటికొస్తే ఎట్లా ఉంటుందో మీరే ఊహించుకోండి. ఇట్లాంటి సెల్లుల్ని మామూలుగా 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయొద్దని తయారీదారులే చెబుతారు. మా వాడిది 60 డిగ్రీల కారులో రోజంతా ఉడికి, రాత్రి దిండు కింద గాలాడకుండా పనిచేయాలి!

ఇక్కడ మీలో కొందరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. "కోట్ల బ్యాటరీలున్నాయి, పేలేవి ఎన్ని? ఎందుకు జనాన్ని భయపెడతావు?" అని.

నిజమే. మంచి బ్యాటరీ పేలే అవకాశం చాలా చాలా తక్కువ. కానీ ఆ లెక్క మామూలుగా ఉన్న బ్యాటరీది, ఉబ్బినదానిది కాదు. ఉబ్బిన బ్యాటరీ ఆల్రెడీ లాగులో వార్నింగు రాసి పెట్టింది. ప్రొడక్షన్ సర్వర్లో అట్లాంటి వార్నింగు వస్తే ఆదివారం రాత్రి రెండింటికి కూడా లేచి కూర్చునే మనం, దిండు కింద వార్నింగు వస్తే "ఇంకా పనిచేస్తోంది కదా" అంటాం. రాత్రంతా ఏమీ కాలేదు కాబట్టి అది మంచిదేనంట! ఒకసారి క్రాష్ కాలేదని బగ్గు లేదని మా టెస్టర్ల ముందు అని చూడండి, మీ పని పడతారు.

సరే, అసలు విషయానికొస్తా. నా బాధ ఆయన పవర్ బ్యాంకు ఆయన దిండు కింద పెట్టుకున్నందుకు కాదు. ఆ గుడారంలో ఇంకో ఇద్దరం ఉన్నాం. గుడారం గుడ్డ పాలిస్టరు, బయటికి పోవడానికి ఉన్నది ఒకే ఒక జిప్పు. "ఏం కాదులే" అన్నది ఆయన, కానీ ఏమన్నా అయితే అయ్యేది మా ముగ్గురికి. మమ్మల్ని ఎవరడిగారు?

ఇది పెద్ద మాటలా అనిపిస్తే మన రెండు రాష్ట్రాల్లో ఈ మధ్య జరిగినవి వరసగా చూడండి. 2022 ఏప్రిల్లో నిజామాబాద్‌లో ఇంట్లో ఎలక్ట్రిక్ స్కూటరు బ్యాటరీ ఛార్జింగ్‌లో ఉండగా పేలింది. స్కూటరు కొడుకుది, పోయింది అదే గదిలో నిద్రపోతున్న ఎనభై ఏళ్ళ తండ్రి. అదే నెలలో విజయవాడలో పడగ్గదిలో ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి ఒకాయన చనిపోయాడు, భార్యాపిల్లలకీ గాయాలయ్యాయి. అదే ఏడాది సెప్టెంబరు 12న సికింద్రాబాదులో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో మంటలు లేస్తే, పైనున్న లాడ్జిలో దిగిన 8 మంది పోయారు. వాళ్ళకి ఆ స్కూటర్లతో ఏం సంబంధం? ఊరికే రూము తీసుకుని పడుకున్నారు, అంతే.

ఇక మా ఊరి పక్కనే, ఎర్రగుంట్ల మండలం పోట్లదుర్తిలో, 2025 జులైలో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటరు పేలి, దగ్గర్లో సోఫాలో పడుకున్న పెద్దావిడ చనిపోయింది. ఆ రోజు మా అమ్మ ఫోన్ చేసింది. "నాయనా, ఆ ఫోన్ల బ్యాటరీలు గూడా అట్లనే పేల్తాయంట గదా, నువ్వు సంచిలో ఏసుకుని తిరిగేది గూడా అదేనా?" అని అడిగింది. నేనేమన్నానో తెలుసా? "ఏం కాదులే అమ్మా, అది వేరే, ఇది వేరే" అన్నా! ఇంజనీరింగ్ చదివిన కొడుకు, పదో తరగతి చదివిన అమ్మతో అన్న మాట అది. స్కూటరు బ్యాటరీ పెద్దది, ఫోను బ్యాటరీ చిన్నది, ఆ మాట నిజమే. కానీ రెండూ ఒకే కుటుంబం. ఆమె అడిగిన ప్రశ్న సరైందే, నేను చెప్పిన జవాబే తప్పు.

ఆ తర్వాత మూడు నెలలకి, అక్టోబరు 24 తెల్లవారుజామున, కర్నూలు దగ్గర చిన్నటేకూరు. హైదరాబాదు నించి బెంగుళూరు వస్తున్న ప్రైవేటు స్లీపర్ బస్సు కాలిపోయి 19 మంది ప్రయాణికులు పోయారు. మనలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళూ ఉన్నారు అందులో. ఆ రూటు బస్సులో నేను ఎన్ని శుక్రవారాలు ఎక్కానో, మీరు ఎన్ని ఆదివారాలు దిగారో లెక్కే లేదు. ఇక్కడ నిజం నిజంగా చెప్పుకోవాలి. మంట మొదలైంది బ్యాటరీల వల్ల కాదు, బస్సు కింద ఇరుక్కున్న మోటార్ సైకిలు వల్ల. కానీ ఆ బస్సు లగేజీలో 234 స్మార్ట్‌ఫోన్ల పార్శిలు ఉందనీ, ఆ బ్యాటరీలు పేలడం వల్ల మంట తీవ్రత పెరిగిందనీ ఫోరెన్సిక్ నిపుణులు చెప్పారు. పైన నిద్రపోతున్న మనుషులకి తమ కింద ఏముందో తెలీదు. తెలుసుకునే దారీ లేదు. మనుషుల్ని మోసే బస్సుకి సరుకు మీద వచ్చే నాలుగు రూకలు ముద్దు. సరుకు వేసినవాడు అనుకుని ఉంటాడు, ఎక్కించుకున్నవాడూ అనుకుని ఉంటాడు... ఏం కాదులే!

విమానం సంగతి చూడండి. స్పేర్ బ్యాటరీలు, పవర్ బ్యాంకులు చెక్-ఇన్ సామానులో పెట్టనివ్వరు, చేతి సంచిలోనే తీసుకెళ్ళాలి. చాలామంది ఇదేదో తిక్క రూలు అనుకుంటారు. కాదు. చేతి సంచిలో పొగ వస్తే ఎవడో ఒకడు చూస్తాడు, సిబ్బంది నీళ్ళు పోసి చల్లారుస్తారు. కింద సామాన్ల గదిలో అంటుకుంటే చూసేవాడు లేడు. 100 వాట్ అవర్ల దాకా మామూలుగా తీసుకెళ్ళొచ్చు, 100 నించి 160 దాకా ఎయిర్‌లైన్స్ అనుమతి కావాలి, ఆ పైన కుదరదు. 2025 జనవరిలో దక్షిణ కొరియాలో ఎయిర్ బూసాన్ విమానం రన్‌వే ఎక్కకముందే తగలబడింది. పై అరలో పెట్టిన పవర్ బ్యాంకు మీదే అనుమానం. అదృష్టం కొద్దీ అందరూ బయటపడ్డారు. ఆ దెబ్బతో అక్కడ పవర్ బ్యాంకులు పై అరలో పెట్టొద్దని రూలు పెట్టారు. మన డీజీసీఏ కూడా విమానంలో పవర్ బ్యాంకుతో ఛార్జింగ్ పెట్టుకోవద్దంది.

అంటే విమానం ఎక్కినప్పుడు బుద్ధిగా సంచిలోంచి తీసి ట్రేలో పెట్టే మనమే, బస్సెక్కినప్పుడు అదే పవర్ బ్యాంకుని పెద్ద సంచిలో పడేసి కింద డిక్కీలో తోయిస్తాం. బ్యాటరీ అదే, కాలేది అట్లాగే. మారిందల్లా అడిగేవాడు లేకపోవడమే. అడిగేవాడుంటేనే జాగ్రత్తపడే వాళ్ళమైతే మన చదువు దేనికి?

ఇంకో పాత సంగతి. 2007 ఆగస్టులో నోకియా వాళ్ళు బీఎల్-5సీ బ్యాటరీల గురించి హెచ్చరిక ఇచ్చారు. మత్సుషితా అనే కంపెనీ తయారుచేసిన 4.6 కోట్ల బ్యాటరీలు ఛార్జింగ్‌లో వేడెక్కొచ్చు, కావాలంటే ఉచితంగా మార్చి ఇస్తాం అని. అప్పుడు నేను చిన్నపిల్లాణ్ణి. మా నాన్న అద్దాలు పెట్టుకుని బ్యాటరీ తీసి దాని మీది నంబరు ఒక్కో అక్షరం చదువుతుంటే నేను కాగితం మీద రాశా. ఆ మొత్తం వ్యవహారంలో ప్రపంచమంతా కలిపి వేడెక్కిన ఘటనలు వంద దాకా మాత్రమే, పెద్ద గాయాలు కూడా లేవు. అయినా మా నాన్న నంబరు చూసుకునేదాకా ఆ ఫోను ఛార్జింగ్ పెట్టలేదు. ఇంజనీరు కాదు ఆయన. ఇవాళ మనుషులు పోతున్నా మనం నంబరు చూడం.

నంబరంటే గుర్తొచ్చింది. మా ప్రొద్దుటూరు బంగారం అంగళ్ళ గురించి మీకు చెప్పక్కర్లేదు. అక్కడ మా అమ్మ చెవి కమ్మలు కొనాలంటే హాల్‌మార్క్ చూస్తుంది, ఆరు అక్షరాల నంబరు చూస్తుంది, తూకం రెండుసార్లు వేయిస్తుంది. ఆ హాల్‌మార్క్ వేయించే బీఐఎస్ వాళ్ళే పవర్ బ్యాంకులకీ రిజిస్ట్రేషన్ ఇస్తారు. ఆ గుర్తూ, 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నంబరూ దాని మీద ఉండాలి. బీఐఎస్ కేర్ అని ఫోన్లో యాప్ ఉంది. కమ్మల నంబరు చూసుకునేది అందులోనే, పవర్ బ్యాంకు నంబరు చూసుకునేదీ అందులోనే. ఎంతమందిమి చూశాం? కమ్మలు కల్తీ అయితే డబ్బులు పోతాయి, అంతే. పవర్ బ్యాంకు కల్తీ అయితే?

కల్తీ కనుక్కోవడానికి యాప్ కూడా అక్కర్లేదు, చేత్తో ఎత్తి చూస్తే చాలు. రోడ్డు పక్కన "50,000 ఎంఏహెచ్, ఆరొందలు" అని అమ్ముతుంటారు. మామూలు గుండ్రటి 18650 సెల్లు మంచి రకానిదైతే 3,500 ఎంఏహెచ్ దాకా వస్తుంది. 50,000 కావాలంటే కనీసం పదిహేను సెల్లులు పట్టాలి. ఒక్కోటి 45 నించి 50 గ్రాములు. సెల్లుల బరువే 700 గ్రాములు! వాడమ్మేది చూస్తే చేతిలో దూదిలా ఉంటుంది. పైన అంకెల్లోనే అంత అబద్ధం రాసినవాడు లోపల ఓవర్‌ఛార్జింగ్ ఆపే సర్క్యూట్ నిజాయితీగా పెట్టి ఉంటాడా? పెద్ద పెద్ద ల్యాబులున్న శాంసంగే 2016లో నోట్ 7 విషయంలో దెబ్బతింది. ఒకసారి వెనక్కి తీసుకుని మార్చి ఇచ్చినవి కూడా కాలిపోతే చివరికి తయారీయే ఆపేసింది. అట్లాంటిది ఆరొందల డబ్బాని నమ్మి మన పిల్లల పక్కన పెడతామా?

"అన్నీ మనమే చూసుకుంటే ప్రభుత్వం ఎందుకు?" అని ఇంకో ప్రశ్న. ఒప్పుకుంటా. మనుషులు పడుకునే బస్సు కింద బ్యాటరీల పార్శిళ్ళు వేయడం ఆపాల్సింది ప్రభుత్వమే, ఆపకపోతే అడగాల్సింది మనమే. కానీ నా సంచిలో ఉన్నది ప్రభుత్వం పెట్టింది కాదు కదా. దాన్ని చూసుకోడానికి నాకు జీవో కావాలా?

చేయాల్సింది పెద్ద ఘనకార్యమేం కాదు. ఉబ్బినా, పగిలినా, గట్టిగా కింద పడినా, వాసనొచ్చినా ఆ రోజుతో దానికి దండం పెట్టేయండి. దిండు కింద, దుప్పటి కింద, పరుపు మీద ఛార్జింగ్ వద్దు. ఎండలో కారులో వదలొద్దు. విడి బ్యాటరీలు, కెమెరావైనా సరే, తాళాలూ చిల్లరా ఉన్న జేబులో వేయొద్దు, రెండు కొసలు తగిలితే షార్టే. వాటి మొనల మీద టేపు వేసి, దేనికది విడిగా కవర్లో పెట్టుకోండి. బస్సులో పవర్ బ్యాంకు మీ దగ్గరే, చేతికి అందేట్టు ఉండాలి, డిక్కీలో కాదు. పొగ వస్తే సిగ్గుపడకుండా అరవండి, బస్సు ఆపించండి, ఆ పొగ పీల్చకండి, విషం అది. మంట ఆరాక కూడా నీళ్ళు పోస్తూ చల్లార్చాలి, లేకపోతే మళ్ళీ అంటుకుంటుంది. పాడైనదాన్ని చెత్తబుట్టలో వేస్తే మున్సిపాలిటీ బండిలో నలిగి ఆ కార్మికుడి మొహం మీద పేలుతుంది. ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వండి, చాలా ఆఫీసుల్లో డబ్బాలు ఉంటున్నాయి.

గండికోట డబ్బా చివరికి ఏమైందంటారా? బండ మీద నించి తెచ్చి, టిఫిను డబ్బాలో ఇసక పోసి, అందులో పెట్టి, మూత బిగించకుండా, కారులో నా కాళ్ళ దగ్గరే పెట్టుకుని బెంగుళూరు దాకా తెచ్చా. దారంతా ఏసీ గాలి దాని మీదికే తిప్పుకున్నా. సోమవారం ఆఫీసు ఈ-వేస్ట్ వాళ్ళకి చెప్పి మరీ చేతికిచ్చా. ఆయన నాతో వారం రోజులు మాట్లాడలేదు. తర్వాత కొత్తది కొన్నాడు. బీఐఎస్ నంబరు చూశాడో లేదో అడగలేదు, అడిగితే మళ్ళీ వారం మాట్లాడడు :)

ఆ రాత్రి ఏమీ కాలేదు, నిజమే. కాకపోవడమే నాకూ కావాల్సింది. కానీ "ఏం కాదులే" అనే ముందు ఆ మాట ఎవరి తరఫున అంటున్నామో ఒకసారి చుట్టూ చూడాలి. గుడారంలో పక్కన పడుకున్నవాడు, పై బెర్తులో ఉన్న పిల్లాడి తల్లి, సోఫాలో నిద్రపోతున్న నాయనమ్మ... వాళ్ళు మనకి ఆ అధికారం ఇవ్వలేదు. మరి మీరేమంటారు?

తా.క.: అమ్మకి ఫోన్ చేసి చెప్పా, "నువ్వడిగింది నిజమేమా, అదీ ఇదీ ఒకటే జాతి" అని. "అయితే నీ సంచిలోది ఎప్పుడు కొన్నావు నాయనా?" అంది. లేచి చూసుకున్నా. నాలుగేళ్ళయింది. ఒక మూల కొంచెం పైకి లేచి ఉంది. ఇన్నాళ్ళూ దానితోనే కర్నూలు మీదుగా తిరిగా.